పర్యాటక శాఖను ఎవరి చేతిలో పెట్టాలి? తెలంగాణ ముందున్న నాలుగు దారుల పోలిక

గోల్కొండ కోటలో పగలు తిరగడానికి కొనే టికెట్టు కేంద్ర పురావస్తు శాఖది. చీకటి పడ్డాక అదే కోటలో జరిగే సౌండ్ అండ్ లైట్ షోకు కొనే టికెట్టు రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థది. కోటకు దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖ పరిధిలోకి వస్తాయి. హుస్సేన్‌సాగర్ మధ్యనున్న బుద్ధ విగ్రహం దగ్గరికి వెళ్లే పడవను పర్యాటక సంస్థ నడుపుతుంటే, ఆ పడవ ఎక్కే లుంబినీ పార్కును హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చూసుకుంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియం 1961 నాటి పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం పొందిన సంస్థ కాగా, చౌమహల్లా ప్యాలెస్ ఒక ట్రస్టు నిర్వహణలో ఉంది. ఒక్క హైదరాబాద్‌లోనే ఇన్ని చేతులుంటే, జిల్లాలకు వెళ్లేసరికి అటవీ శాఖ, దేవాదాయ శాఖ, నీటిపారుదల శాఖ, గిరిజన సంక్షేమ శాఖ కూడా వచ్చి చేరతాయి.

రాష్ట్ర సచివాలయంలో పర్యాటకం ఇప్పుడు యువజన అభ్యున్నతి, సాంస్కృతిక వ్యవహారాలతో కలిసి ఒకే శాఖలో ఉంది. దాన్ని మార్చాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ప్రధానంగా నాలుగు ప్రతిపాదనలు వినిపిస్తాయి. ఉన్న శాఖనే ఉంచి లోపాలు సరిదిద్దుకోవడం మొదటిది. పరిశ్రమల శాఖతో కలిపి ఆర్థికాభివృద్ధి, పర్యాటక శాఖ అని ఒకే శాఖ చేయడం రెండోది. పర్యాటకానికి విడిగా ఒక శాఖ పెట్టి, దాని కింద ప్రచారానికీ పెట్టుబడులకూ ఒక బోర్డును, హోటళ్ల నిర్వహణకు ఒక సంస్థను వేరువేరుగా ఉంచడం మూడోది. ముఖ్యమైన ఒక్కో స్థలానికి ఒక్కో ప్రాధికార సంస్థను ఏర్పాటు చేయడం నాలుగోది. పర్యాటక సంస్థలో పనిచేస్తున్నవారు, హోటళ్లు, ట్రావెల్స్ నడుపుతున్నవారు, వారసత్వ కట్టడాల గురించి పోరాడుతున్నవారు, శాసనసభలో దీని మీద మాట్లాడాల్సినవారు ఈ నాలుగింటిలో దేన్ని బలపరచాలో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

## ముందు ఏం చూడాలి

శాఖకు ఏ పేరు పెట్టారన్నది చివర్లో చూసుకోవచ్చు. ఒక పని కదలడానికి ఎవరి సంతకం కావాలి, ఆ సంతకం కోసం ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతోంది అన్నదే ముందు చూడాలి.

రామప్ప గుడినే తీసుకుందాం. 1213 నాటి శాసనం ఉన్న ఈ గుడి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత ప్రాంతం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పక్కనున్న రామప్ప చెరువు నీటిపారుదల శాఖది, చెరువు గట్టు మీది కాటేజీలు పర్యాటక సంస్థవి, యాత్రికుల సదుపాయాల కోసం వచ్చే ప్రసాద్ పథకం నిధులు కేంద్ర పర్యాటక శాఖవి. గుడి ఉన్న పాలంపేటలో ఒక మరుగుదొడ్ల సముదాయం ఎక్కడ కట్టాలో తేల్చాలన్నా వీరందరూ ఒక మాట మీదికి రావాలి. ఇందులో కేంద్ర చట్టంతో వచ్చిన అడ్డంకులు రాష్ట్రం తన శాఖలను ఎలా మార్చుకున్నా పోవు. రాష్ట్ర శాఖల మధ్య ఉన్నవి మాత్రం పోతాయి. ఏ ప్రతిపాదన వచ్చినా అది తొలగిస్తానంటున్న అడ్డంకి ఈ రెండింటిలో ఏ రకానిదో మొదట అడగాలి.

తరువాత డబ్బు. రాష్ట్ర బడ్జెట్టులో పర్యాటకానికి 3452 రెవెన్యూ పద్దు, 5452 మూలధన పద్దు. పరిశ్రమలకు 2852, కళా సాంస్కృతిక రంగానికి 2205. శాఖలను కలిపినా ఈ పద్దులు వేరుగానే ఉంటాయి కాబట్టి ఎవరి డబ్బు వారికే ఉంటుందని అనుకోవడం తొందరపాటు. ఏడాది మధ్యలో నిధుల విడుదలకు కోత పడినప్పుడు ఏ పద్దును కాపాడాలో ఆ శాఖ కార్యదర్శే ఆర్థిక శాఖ ముందు వాదించాలి. ఆయన చేతిలో ఇంకా పెద్ద రంగాలు ఉంటే పర్యాటకం తరఫున వాదించేవారే ఉండరు. ప్రచార నిధి ఆగిపోతే ఏమవుతుందో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం అనుభవపూర్వకంగా తెలుసుకుంది. 1993లో అక్కడ పర్యాటక పన్ను రద్దయి, పర్యాటక బోర్డు మూతపడింది. సందర్శకుల మార్కెట్టులో ఆ రాష్ట్రం వాటా పడిపోయింది. 2000లో మళ్లీ నిధులిచ్చి కొత్త కార్యాలయం పెట్టుకోవాల్సి వచ్చింది.

మూడో కొలమానం నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. కాపాడే బాధ్యత, అమ్ముకునే బాధ్యత ఒకే అధికారి మీద పెట్టకూడదు. కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణను రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం మీద ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో మొదలుపెట్టింది. ఆ పని దశాబ్దం పాటు సాగింది. వెనకటి రోజుల్లో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును ఓపికగా ఒలిచి, మళ్లీ సున్నంతో గచ్చు చేయించారు. మూడు నెలలకోసారి ప్రగతి నివేదిక అడిగే పెట్టుబడుల విభాగం కింద ఆ పని జరిగి ఉండేదా అన్నది నా సందేహం.

కట్టడాల విషయంలోనే కాదు, మనుషుల ప్రాణాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయినప్పుడు పాపికొండలు చూడటానికి బయలుదేరిన మన వరంగల్ వైపు కుటుంబాలు కూడా ఆప్తులను పోగొట్టుకున్నాయి. నాగార్జునసాగర్, సోమశిల, లక్నవరం, హుస్సేన్‌సాగర్ అన్నిచోట్లా పడవలు తిరుగుతున్న రాష్ట్రం మనది. పడవ నడిపే సంస్థ, టికెట్లు ఎక్కువ అమ్మాలనుకునే సంస్థ, పడవ నీళ్ల మీదికి వెళ్లవచ్చో లేదో తేల్చే సంస్థ ఒకటే కాకుండా చూడటం ఏ పునర్వ్యవస్థీకరణకైనా కనీస షరతు కావాలి.

ఇక ఉద్యోగులు. పర్యాటక సంచాలకుల కార్యాలయంలో ఉన్నవారు ప్రభుత్వోద్యోగులు, విచారణ లేకుండా ఉద్యోగం నుంచి తీసేయకుండా కాపాడే రాజ్యాంగంలోని 311వ అధికరణం రక్షణ వారికి ఉంది. పర్యాటకాభివృద్ధి సంస్థలో ఉన్నవారు కంపెనీ ఉద్యోగులు, ఆ రక్షణ వారికి లేదు. హరిత హోటళ్లలో, బస్సుల్లో, బోటింగ్ యూనిట్లలో పనిచేసే కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది పరిస్థితి ఇంకా పలుచన. 2014 విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులో చేర్చిన సంస్థల ఆస్తుల, సిబ్బంది పంపకం ఏళ్ల తరబడి నడిచిన సంగతి వీరికి బాగా గుర్తుంది. కొత్త విభజన అన్న మాట వింటేనే వారికి భయం కలగడంలో తప్పులేదు.

## మొదటి దారి: ఉన్నదాన్నే సరిదిద్దుకోవడం

దీనికి చట్టం అక్కర్లేదు, బదిలీలు అక్కర్లేదు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన సంబంధిత శాఖలన్నిటితో ఒక సమన్వయ సంఘం వేసి, నెలకోసారి కూర్చుంటే చాలునంటారు. ఈ నిర్మాణంతోనే 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు జరిగాయి, 31న హైటెక్స్‌లో ముగింపు వేడుక అయింది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు ఆర్టీసీ నుంచి వైద్యారోగ్య శాఖ దాకా అందరూ కదిలివస్తారు. అంటే పైనుంచి గట్టిగా అనుకుంటే శాఖలు కలిసి పనిచేయగలవు.

అయితే జాతర నాలుగు రోజులకు కదిలే యంత్రాంగం, జాతర లేని ఏడాదిలో తాడ్వాయి దారి పక్కన ఒక సూచిక బోర్డు పెట్టడానికి కదలదు. పర్యాటకానికి కావలసిన పనులు ఎక్కువగా ఇలాంటివే. బోగత జలపాతం దగ్గర జారుడు బండల మీద హెచ్చరిక, గైడుకు శిక్షణ, టికెట్టు కౌంటరు దగ్గర నీడ, వీటి కోసం ఏ ప్రధాన కార్యదర్శీ సమావేశం పెట్టరు. ఈ దారిని రెండు సందర్భాల్లోనే సమర్థించగలను. ప్రభుత్వానికి మిగిలిన పదవీకాలం తక్కువగా ఉన్నప్పుడు ఒకటి. కొత్త విధానం అప్పుడే వచ్చి, దాని ఫలితం చూడాల్సి ఉన్నప్పుడు మరొకటి. 2025లో ప్రకటించిన 2025–30 పర్యాటక విధానం ప్రత్యేక పర్యాటక ప్రాంతాలను గుర్తించి, ప్రైవేటు పెట్టుబడికి పెద్దపీట వేసింది. దాని అమలు ఎవరి భుజాల మీద ఉందో తేల్చకుండా నిర్మాణాన్ని కదిపితే విధానమూ నిర్మాణమూ రెండూ చెడతాయన్న వాదనలో బలం ఉంది.

## రెండో దారి: ఆర్థికాభివృద్ధితో కలపడం

ఎక్కువ ఆకర్షణ ఉన్న ప్రతిపాదన ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

అనుకూలంగా ఉన్నవి గట్టివే. పరిశ్రమల శాఖ చేతిలో 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం ఉంది. అనుమతులకు గడువు పెట్టి, స్వీయ ధ్రువీకరణకు వీలిచ్చిన ఆ పద్ధతి కర్మాగారాలకు బాగానే పనిచేసింది. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ దగ్గర భూములున్నాయి, భూసేకరణ అనుభవం ఉంది. విదేశాలకు వెళ్లే ప్రతినిధి బృందాలు, పెట్టుబడిదారులతో నిత్యం మాట్లాడే సిబ్బంది ఉన్నారు. హైదరాబాద్‌కు వచ్చేవారిలో సమావేశాలకు, ఆసుపత్రులకు, కంపెనీల పని మీద వచ్చేవారు చాలామంది. వారిని ఇంకో రెండు రోజులు ఉండి గోల్కొండ, వరంగల్ చూసి వెళ్లమని చెప్పగలిగేది వారిని రప్పించిన శాఖే. పైగా చేనేత, జౌళి విభాగం ఎటూ పరిశ్రమల వైపే ఉంది. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మగ్గం, మార్కెట్టు, యాత్రికుడు ఒకే శాఖ కిందికి వస్తే పోచంపల్లి నేతన్నకు మేలు జరిగే అవకాశం నిజంగానే ఉంది.

ప్రతికూలతలు కూడా అంతే గట్టివి. ఔషధ కంపెనీలు, ఐటీ, ఎలక్ట్రానిక్స్ ఉన్న శాఖలో పర్యాటకం ఎప్పటికీ చివరి అంశంగానే మిగులుతుంది. ఆ శాఖ తన పనిని కోట్ల పెట్టుబడితో, కుదిరిన ఒప్పందాల సంఖ్యతో కొలుచుకుంటుంది. పర్యాటకం వల్ల బతికే ఆటో డ్రైవరు, కోట ముందు సోడా బండి, ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చే కుటుంబం ఏ ఒప్పంద పత్రంలోనూ కనిపించరు. కొలమానమే వారిని చూడలేనప్పుడు శాఖ కూడా చూడదు. కొంతకాలానికి అడవి అంచున ఒక పెద్ద రిసార్టు రావడమే పర్యాటకాభివృద్ధిగా లెక్కకు వస్తుంది.

ములుగు, భద్రాద్రి కొత్తగూడెం వంటి జిల్లాల్లోని ఏజెన్సీ మండలాల్లో ఇంకో చిక్కుంది. 1970 నాటి ఒకటి బై డెబ్బై నిబంధన ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. ప్రభుత్వం సొంత భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు వ్యక్తులకు లీజుకివ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిశ్రమల శాఖకు అలవాటైన భూ బ్యాంకు పద్ధతి ఇక్కడ నడవదు. గ్రామసభతోను, గిరిజన సహకార సంఘాలతోను కలిసి పనిచేసే అలవాటున్న అధికారులు కావాలి, ఆ అలవాటు ఆ శాఖలో తక్కువ.

బయటి అనుభవం రెండు రకాలుగానూ ఉంది. కొలరాడోలో పర్యాటక కార్యాలయం ఈనాడు గవర్నరు ఆర్థికాభివృద్ధి కార్యాలయంలో భాగంగానే నడుస్తోంది. మిషిగన్‌లో పర్యాటక ప్రచారాన్ని ఆర్థికాభివృద్ధి సంస్థే చేస్తుంది. దక్షిణ డకోటా మాత్రం రెండింటినీ ఒకే శాఖగా నడిపి చూసి, 2011లో మళ్లీ విడదీసింది. అయితే ఆ రాష్ట్రాల పర్యాటక కార్యాలయాలు చేసేది ప్రధానంగా ప్రచారం. మన పర్యాటక శాఖలాగా హోటళ్లు, బస్సులు, పడవలు నడిపే పని వాటి మీద లేదు. అక్కడ కుదిరిందని ఇక్కడ కలిపేయాలన్న వాదన ఈ తేడాను దాటి వెళ్లిపోతోంది.

ఒకవేళ ప్రభుత్వం ఈ దారే ఎంచుకుంటే రెండు షరతులు తప్పనిసరి. వారసత్వ శాఖ, భాషా సాంస్కృతిక శాఖ ఈ విలీనానికి బయట ఉండాలి. పర్యాటకానికి ప్రత్యేక కార్యదర్శి ఉండి, ఆయన ఫైళ్లు పరిశ్రమల ముఖ్య కార్యదర్శి ద్వారా కాకుండా నేరుగా మంత్రికి వెళ్లాలి.

## మూడో దారి: శాఖ, బోర్డు, సంస్థ వేరువేరుగా

మధ్యప్రదేశ్ చేసిన పని ఇది. అక్కడ పర్యాటకాభివృద్ధి సంస్థ 1978 నుంచి ఉంది. 2017లో పర్యాటక బోర్డును విడిగా ఏర్పాటు చేసి ప్రచారం, పెట్టుబడులు, శిక్షణ దానికిచ్చారు. హోటళ్లు, రవాణా పాత సంస్థకే ఉంచారు. కేరళ దారి కాస్త వేరైనా సూత్రం ఒకటే. 1966లో పెట్టిన సంస్థ హోటళ్లు చూసుకుంటుంది, ప్రచారం పర్యాటక సంచాలకుల కార్యాలయం చేస్తుంది, జిల్లాల్లో కలెక్టరు నాయకత్వాన పర్యాటక ప్రోత్సాహక మండళ్లు ఉన్నాయి, స్థానికులకు ఆదాయం వెళ్లేలా చూడటానికి 2017లో బాధ్యతాయుత పర్యాటక మిషన్ పెట్టారు. కేరళలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ జిల్లా మండళ్లే. జలపాతం దగ్గర రెయిలింగ్ విరిగితే రాజధానికి ఫైలు పంపనక్కర్లేని ఏర్పాటు మనకూ కావాలి.

విడదీయడం వల్ల వచ్చే మొదటి లాభం లెక్కల్లో కనిపిస్తుంది. హోటల్ గదుల ఆదాయంలోంచే ప్రచారానికి, ఉత్సవాలకు ఖర్చు పెడుతూ ఉంటే, గదుల మరమ్మతులకు డబ్బు మిగలదు, ఏ హోటలు లాభంలో ఉందో, ఏది నష్టంలో ఉందో స్పష్టంగా తెలియదు. వేరు చేస్తే తెలుస్తుంది. తెలిస్తే కొన్ని హోటళ్లను లీజుకిచ్చేయమన్న ఒత్తిడి వస్తుందన్నది సిబ్బంది ఆందోళన. అది నిజమే, దాచాల్సిన పనిలేదు. దానికి జవాబు లెక్కలను కలగాపులగంగా ఉంచడం కాదు. హైవే మీది లాభసాటి హోటలును, ప్రైవేటువారు రాని అడవి దారిలోని నష్టాల హోటలును వేరువేరుగా చూసి, రెండోదానికి ప్రజావసరం కింద బడ్జెట్టు నుంచి బాహాటంగా సాయం ఇవ్వడం.

బోర్డును ఏ రూపంలో పెట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. సొసైటీగా పెడితే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కొద్ది రోజుల్లో అయిపోతుంది, కానీ ఒక జీవోతో పుట్టింది ఇంకో జీవోతో నీరుగారిపోతుంది. కంపెనీగా పెడితే 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ లెక్కలు చూసే కాగ్ తనిఖీ, వార్షిక నివేదిక శాసనసభ ముందుకు రావడం వంటి క్రమశిక్షణ వస్తుంది, లాభం చూపించాలన్న ఒత్తిడి కూడా దాని వెంటే వస్తుంది. శాసనసభ చట్టంతో పెడితే ఆలస్యమవుతుంది, అయితే దాని అధికారాలు, నిధులు, సభ్యుల అర్హతలు అందరి ముందూ చర్చకు వస్తాయి. నేను చట్టం వైపే ఉంటాను. చట్టం ఉన్నంత మాత్రాన నిధులకు శాశ్వత హామీ దొరికినట్టు మాత్రం కాదు. హవాయి రాష్ట్రం 1998లో పర్యాటక ప్రాధికార సంస్థను పెట్టి, హోటల్ గదుల పన్నులో వాటా ఇచ్చింది. 2021లో అక్కడి చట్టసభే ఆ వాటాను తీసేసింది.

ఈ దారిలో అసలు ప్రమాదం బోర్డు మరో పదవుల నిలయంగా మారడం. అధ్యక్ష స్థానంలో రాజకీయ నియామకం, పాత సంస్థ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన సిబ్బంది, కొత్త భవనం, కొత్త కార్లు, పాత పనే. దీన్ని అరికట్టాలంటే బోర్డు సభ్యుల్లో కనీసం సగం మంది హోటల్, ట్రావెల్, చేతివృత్తులు, వారసత్వ పరిరక్షణ రంగాల వారై ఉండాలని చట్టంలోనే రాయాలి. పడవలు, రోప్‌వేలు, సాహస క్రీడల భద్రత తనిఖీని బోర్డుకూ సంస్థకూ కాకుండా మూడో చేతికి ఇవ్వాలి.

## నాలుగో దారి: స్థలానికో ప్రాధికార సంస్థ

యాదగిరిగుట్ట అభివృద్ధికి 2015లో ప్రత్యేక ప్రాధికార సంస్థ ఏర్పడింది, ఆలయ పునర్నిర్మాణం పూర్తయి 2022 మార్చి 28న గర్భాలయ దర్శనాలు మళ్లీ మొదలయ్యాయి. గుజరాత్ 2019లో ఐక్యతా విగ్రహం ప్రాంతానికి ప్రత్యేక చట్టమే చేసింది. ఒకే చోట పెద్ద నిర్మాణం, రోడ్లు, బస, పార్కింగు అన్నీ ఒకేసారి కావాల్సినప్పుడు ఈ పద్ధతిని మించినది లేదు. సంతకం ఒకరిదే అవుతుంది.

ఆ సంతకాన్ని ఎవరి దగ్గర్నుంచి తీసుకున్నామన్నది మరిచిపోకూడదు. ఇళ్ల అనుమతులు, స్థల వినియోగం మీద పంచాయతీకి ఉన్న మాట తగ్గుతుంది, దుకాణదారుల భవిష్యత్తు వారు ఎన్నుకోని అధికారి చేతికి వెళుతుంది. ఏజెన్సీ గ్రామాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకిచ్చిన హక్కులతో ఇది నేరుగా తలపడుతుంది. పైగా ములుగు, లక్నవరం, మేడారం, తాడ్వాయి, బోగతలను కలిపి కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద గిరిజన వలయంగా చేసినట్టు, ఒక యాత్రగా చూడాల్సినవాటిని ముక్కలు చేసి నాలుగు ప్రాధికార సంస్థలకు పంచితే యాత్రికుడికి మళ్లీ నాలుగు కౌంటర్లే మిగులుతాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలమానం | ఉన్నదే సరిదిద్దడం | ఆర్థికాభివృద్ధితో విలీనం | శాఖ, బోర్డు, సంస్థ | స్థలానికో ప్రాధికార సంస్థ |
|---|---|---|---|---|
| అమలుకు కావలసింది | జీవో చాలు | కార్య నిర్వహణ నియమాల సవరణ | నియమాల సవరణ, చట్టం | ఒక్కోదానికి జీవో లేదా చట్టం |
| పెట్టుబడి అనుమతుల వేగం | తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం, ఐపాస్‌తో జోడిస్తే ఎక్కువ | ఆ స్థలం వరకు ఎక్కువ |
| నిధుల భద్రత | అంతంతమాత్రం | పెద్ద రంగాల నీడలో పడే ప్రమాదం | చట్టంలో రాస్తే మెరుగు | ప్రభుత్వం ఆసక్తి ఉన్నంతకాలం |
| వారసత్వ రక్షణ | ఇప్పటిలాగే | బలహీనపడే అవకాశం ఎక్కువ | వేరుగా ఉంచితే బలం | స్థలాన్ని బట్టి |
| సిబ్బందికి కుదుపు | లేదు | మధ్యస్థం | ఎక్కువ, మొదటి రెండేళ్లు | తక్కువ |
| జిల్లాలకు అధికారం | లేదు | తగ్గుతుంది | జిల్లా మండళ్లు ఉంటే పెరుగుతుంది | స్థానిక సంస్థలకు తగ్గుతుంది |

## ఎవరికి ఏది

పర్యాటక సంస్థ ఉద్యోగి మొదటి దారిని కోరుకోవడం సహజం. అయితే పాతబడుతున్న హోటలు, తగ్గుతున్న ఆదాయంతో ఉన్నదే కొనసాగితే చివరికి మొత్తం సంస్థనే లీజుకిచ్చే రోజు వస్తుంది. మూడో దారిలో సర్వీసు కొనసాగింపు, వేతన రక్షణ, కాంట్రాక్టు సిబ్బందికి ప్రాధాన్యం అనే మూడింటిని రాతపూర్వకంగా అడిగి సంపాదించుకోవడం వారికి మేలు. కొత్త సంస్థలోకి వెళ్లే ముందు ఐచ్ఛికం అడిగారా లేదా, వెనక్కి వచ్చే అవకాశానికి గడువెంత అన్నవి జీవోలో వెతకాల్సిన వాక్యాలు.

పెద్ద హోటలు కట్టాలనుకునేవారికి రెండో దారి స్పష్టంగా లాభం. చిన్నవారికి, అంటే హోమ్‌స్టే నడిపేవారికి, గైడుకు, వికారాబాద్ అనంతగిరి దారిలో ట్రెక్కింగు తీసుకెళ్లే కుర్రాళ్లకు, అది దాదాపు పనికిరాదు. వారికి కావలసింది జిల్లాలో నిర్ణయం తీసుకోగల మనిషి, కాబట్టి జిల్లా మండళ్లతో కూడిన మూడో దారే వారిది.

వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవారు ఏ దారి వచ్చినా ఒక్క మాట మీద నిలబడాలి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద పనిచేసే శాఖ, హోటళ్లు అమ్మే సంస్థకూ పెట్టుబడులు తెచ్చే బోర్డుకూ లోబడి ఉండకూడదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి క్యూరేటరు, ఊరూరా పడి ఉన్న శాసనాలు చదివి నమోదు చేసే ఎపిగ్రఫిస్టు, ఇలాంటి ఉద్యోగాలను ఏ పర్యాటక లక్ష్యమూ అడగదు. అవి ఖాళీ అయినా ఎవరికీ వెంటనే నష్టం కనిపించదు. అందుకే వాటిని కాపాడే శాఖ వేరుగా ఉండి తీరాలి.

నా ఎంపిక మూడో దారి. దానికి రెండో దారిలోని మంచిని జతచేయవచ్చు, పర్యాటక ప్రాజెక్టులకు గడువులోగా అనుమతులిచ్చే బాధ్యతను ఐపాస్ తరహా ఏకగవాక్షానికి అప్పగిస్తే చాలు, శాఖను కలపనక్కర్లేదు. నాలుగో దారిని ఏజెన్సీ బయట, భారీ నిర్మాణం ఉన్న ఒకటి రెండు చోట్లకే పరిమితం చేసి, పని ముగిశాక అధికారాలు స్థానిక సంస్థలకు తిరిగి వెళ్లేలా గడువు పెట్టాలి.

## అమలులో క్రమం

శాఖల పునఃకేటాయింపు 166వ అధికరణం మూడో నిబంధన కింద గవర్నరు పేరుతో వచ్చే కార్య నిర్వహణ నియమాల సవరణతో జరుగుతుంది, దానికి శాసనసభ అనుమతి అక్కర్లేదు. అందువల్ల శాఖ ముందు మారిపోయి, బోర్డు చట్టం వెనకబడే ప్రమాదం ఉంది. ఆ మధ్యకాలంలో ఎవరి సంతకమూ చెల్లని పరిస్థితి వస్తుంది. రెండూ ఏప్రిల్ 1 నుంచి, అంటే కొత్త బడ్జెట్టుతో పాటు, అమల్లోకి రావడం మేలు. మాఘమాసంలో మేడారం జాతర పడే ఏడాదిని వదిలేయాలి, ఆ ఏర్పాట్లు నెలల ముందు నుంచే ములుగు జిల్లా యంత్రాంగాన్ని పూర్తిగా తీసుకుంటాయి.

వీటన్నిటికన్నా ముందు జరగాల్సింది ఆస్తుల జాబితా. పర్యాటక సంస్థ చేతిలో ఉన్న ప్రతి హోటలు, కాటేజీ, బోటింగ్ యూనిట్ ఏ సర్వే నంబరులో ఉంది, ఆ భూమి రెవెన్యూదా, నీటిపారుదల శాఖదా, దేవాదాయ శాఖదా, అటవీ శాఖదా, లీజు అయితే ఎప్పటివరకు, కేంద్ర పథకం డబ్బుతో కట్టినదైతే దాన్ని ప్రైవేటుకు ఇవ్వడానికి ఉన్న షరతులేమిటి, అక్కడ పనిచేస్తున్న మనుషులెందరు, వారి నియామకం ఏ తరహాది అన్నవన్నీ అందులో ఉండాలి. ఈ జాబితాను ప్రజల ముందు పెట్టి, అభ్యంతరాలకు కనీసం రెండు నెలలు ఇవ్వాలి. అది లేకుండా ముసాయిదా జీవో వస్తే, అందులో ఎంచుకున్న దారి మనకు నచ్చినదే అయినా సరే, జాబితా వచ్చేదాకా ఆపమని అడగాలి.